ఎడమ చెవి

ఉదయం ఆరున్నరకి ఆ ఇంట్లో రెండే చప్పుళ్లు వినిపిస్తాయి. వంటింట్లో గుడ్లు ఉడికే గిన్నె చప్పుడు ఒకటి, పక్క గదిలో అమ్మాయి బ్యాగు జిప్పు లాగే చప్పుడు ఇంకొకటి. మాటల చప్పుడు తక్కువ. గొడవపడి మానేసిన మాటలు కావవి. అసలు మొదలే కానివి.

వంటింట్లో ఉన్నావిడ ఆ అమ్మాయికి పిన్ని, అంటే నాన్న రెండో భార్య. ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆవిడది. సూది గుచ్చినట్టే తెలియదని పేరు. ముసలివాళ్లయితే పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, ఆవిడ చెయ్యి కోసమే ఆగుతారు. ముప్ఫై తొమ్మిదేళ్లు వచ్చేదాకా పెళ్లి ఊసెత్తకుండా ఉండి, నాలుగేళ్ల కిందట ఈ ఇంటికొచ్చింది. ఆయన ఓడలో ఇంజనీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే ఉంటాడు. మిగిలిన నాలుగు నెలలూ ఇల్లు నవ్వులతో ఉంటుంది. ఆయన వెళ్లిపోగానే ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, తలుపులు నెమ్మదిగా వేసుకుంటూ బతుకుతారు.

అమ్మాయికి పదహారు. తొమ్మిదో ఏట తల్లి పోయింది.

"ఈరోజు నుంచి సాయంత్రం ఆరింటికి వస్తానండీ," అంది అమ్మాయి, గుడ్డు పెంకు ఒలుస్తూ. "పది రోజులు. క్యాంపు ఉంది."

"ఏం క్యాంపు?"

"వాటర్ పోలో. ఊరవతల పెద్ద కాలేజీ ఉంది కదా, వాళ్ల కొలనులో. ముగ్గురు కోచ్‌లు వస్తున్నారు. ముగ్గురివీ గెలిచిన కాలేజీ జట్లే. చివరి రోజు మ్యాచ్ చూసి, వాళ్ల హాస్టల్లో ఉండి ఆడటానికి కొందర్ని తీసుకుంటారట."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆ పిల్ల నోట ఆవిడ ఎప్పుడూ వినలేదు. సంతోషంతో చేతిలో పాలగ్లాసు అక్కడే పెట్టేసింది.

"మరి ఇంట్లోవాళ్ల సంతకం అదీ అడగలేదా?"

"నాన్నకి ఫారం ఫోటో పంపానండీ. సంతకం పెట్టి పంపించారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"సంతకానికి ఇబ్బందేముంది?"

అమ్మాయి లేచింది. పళ్లెం కడిగి, తుడిచి, యథాస్థానంలో పెట్టి, "వెళ్లొస్తానండీ" అని బయల్దేరింది. ఎక్కడో సముద్రం మధ్యలో ఉన్న మనిషి సంతకం పెట్టాడు. పదడుగుల దూరంలో పడుకునే తనకి సంగతే తెలియలేదు. ఆవిడ కాసేపు ఆ ఖాళీ కుర్చీ వంక చూసి, పాలు తనే తాగేసి, బస్సు టైమవుతోందని లేచింది.

నాలుగో రోజు అమ్మాయి భోజనం డబ్బా మర్చిపోయి వెళ్లింది. ఆ రోజు ఆవిడకి మధ్యాహ్నం డ్యూటీ. డబ్బా పట్టుకుని రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లింది.

కొలను చాలా పెద్దది. నీళ్లు ఎంత లోతంటే ఆడేవాళ్లలో ఒక్కరి కాళ్లూ నేలకి ఆనవు. ఇరవైమంది ఆడపిల్లలు నీళ్లలో నిలువుగా తేలుతూ, రెండు చేతులతో నీళ్ల డబ్బాలు తల పైకెత్తి పట్టుకున్నారు. నీటి అడుగున కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. పైన మొహాలు ఎర్రబడి ఉన్నాయి. మెడలో ఈల వేసుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగే కోచ్ ఒకాయన "ఇంకో నిమిషం, ఇంకో నిమిషం" అంటూనే ఉన్నాడు. ఆ నిమిషం అయ్యేలా లేదు.

తర్వాత ఆట మొదలైంది. గోల్ ముందు ఎర్ర టోపీ పెట్టుకుని ఉన్నది తమ అమ్మాయే. బంతి వస్తే చాలు, నడుం దాకా నీళ్లలోంచి పైకి లేచి అడ్డుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. పిన్ని మెడ చాచి చూసింది. ఇంట్లో తలుపు చప్పుడైనా చెయ్యని పిల్లేనా ఇది?

"కొట్టి ఏం లాభమే, అటు గోడ ఉంది!" అంది ఒక పిల్ల విసుగ్గా. క్యాంపులో తమ అమ్మాయికి పెట్టిన పేరు గోడ అని పిన్నికి అప్పుడే తెలిసింది.

గట్టు మీద యాభై ఏళ్ల ఆవిడ ఒకరు, పెద్ద కోచ్, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచింది. "గోడా! నోరు తెరువు! నీ వెనక ఎవ్వరూ లేరు. ఆటంతా కనబడేది నీ ఒక్కదానికే. ఎవరు ఖాళీగా ఉన్నారో చెప్పాల్సింది నువ్వే. చేతులు బాగానే పనిచేస్తున్నాయి, నోరేది?"

అమ్మాయి తలూపింది. మళ్లీ బంతి వచ్చింది. అడ్డుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

భోజనాల ఈల మోగింది. పిల్లలందరూ గుంపులుగా గట్టెక్కి, తువ్వాళ్లు చుట్టుకుని, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడుతూ కూర్చున్నారు. అమ్మాయి ఒక్కతే చివరి మెట్టు మీద కూర్చుంది. తలమీద తువ్వాలు కప్పుకుని బ్యాగంతా వెతికింది. డబ్బా లేదని తెలిశాక ఎవరినీ ఏమీ అడగలేదు. సీసాలో నీళ్లు తాగి, మోకాళ్లు కౌగిలించుకుని నీళ్ల వంక చూస్తూ ఉండిపోయింది.

వెళ్లి పక్కన కూర్చోవాలనిపించింది పిన్నికి. రెండడుగులు వేసింది కూడా. నలుగురిలో తను వెళితే పిల్ల ఇబ్బంది పడుతుందేమో, 'ఎవరు ఆవిడ?' అని ఎవరైనా అడిగితే ఏం చెబుతుందో అనుకుని, డబ్బా గేటు దగ్గరున్న ఆఫీసు అమ్మాయికి ఇచ్చి పంపి వచ్చేసింది.

సాయంత్రం అడిగింది. "క్యాంపు ఎలా ఉంది?"

"బాగుందండీ."

"స్నేహితులు దొరికారా?"

"ఆ, చాలామంది."

ఆవిడ తలూపి కూరగాయలు తరుక్కుంది.

ఏడో రోజు ఉదయం పక్కబట్టలు ఉతకడానికి తీస్తుంటే, అమ్మాయి దిండు గలేబు మీద బొట్టుబిళ్లంత మరక కనబడింది. పసుపు, అంచులో కాస్త ఎరుపు. ఇరవై ఏళ్లుగా సీసాల్లో మరకలు చూస్తూ బతికిన మనిషి ఆవిడ. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. అది చీము, అందులో రక్తం.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. రెండు రోజులుగా ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకడం లేదు. మాట్లాడుతుంటే కుడి చెవి ఇటు తిప్పుతోంది. నిన్న మెట్లు దిగుతూ తూలి గోడ పట్టుకుంది.

"చెవి నొప్పిగా ఉందా?" అంది, షూస్ వేసుకుంటున్న పిల్లతో.

"లేదండీ."

చెప్పినంత వేగంగా గడప దాటేసింది. ఆవిడ గలేబు చేతిలో పట్టుకుని నిలబడింది. గట్టిగా అడగాలి. చెయ్యి పట్టుకుని వెలుతుర్లో కూర్చోబెట్టి చూడాలి. కానీ ఈ ఇంట్లో నాలుగేళ్లుగా ఆవిడ ఏదీ గట్టిగా అడగలేదు. సవతి తల్లి గొంతు పెంచితే అది వేరేగా వినబడుతుంది. పక్కింటివాళ్లకి, బంధువులకి, అన్నిటికంటే ఎక్కువగా తనకే. అందుకే ఏ మాటైనా ఒక్కసారే అడిగేది. 'లేదు' అంటే సరే అనేది. ఆ పద్ధతిని మర్యాద అనుకునేది.

ఆ రోజు ల్యాబులో ఆవిడ ధ్యాసంతా ఆ గలేబు మీదే ఉంది. ఒక తాతగారికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. "ఏంటమ్మా, ఈరోజు నువ్వు కాదా?" అన్నాడాయన, చెయ్యి చూసుకుంటూ. ముక్కూ చెవీ చూసే డాక్టరమ్మని నడవలో ఆపి అడిగింది. "కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. నీళ్లలోకి దిగకూడదు. చీము ముదిరితే వినికిడి పోవచ్చు కూడా. వెంటనే తీసుకురా," అందావిడ.

మర్నాడు సెలవు పెట్టి నేరుగా కాలేజీకి వెళ్లింది. పెద్ద కోచ్ చెప్పిందంతా విని, ఫైల్లోంచి ఫారం తీసింది.

"మీరు తనకి ఏమవుతారు?"

"పిన్నిని."

పెద్ద కోచ్ ఫారం మీద ఒకచోట వేలు ఆపింది. ఎదురుగా కూర్చున్న పిన్నికి తలకిందులుగానైనా కనబడనే కనబడింది. అవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు అన్నచోట తన నంబరే ఉంది. సంబంధం అన్న గడిలో మాత్రం ఏమీ రాయలేదు. చిన్న గీత గీసి ఉంది.

"మీరొచ్చినట్టు పిల్లకి తెలుసా?"

"తెలియదు."

పెద్ద కోచ్ నిట్టూర్చింది. "అయితే ఇవాళ మీ ఇంట్లో ఎవరూ భోజనం చెయ్యరు. అయినా మీరు చేసింది మంచి పని. పదండి."

ఆట మధ్యలో ఈల మోగింది. అందరూ చూస్తుండగా ఎర్ర టోపీని పైకి పిలిచారు. క్యాంపు డాక్టరు చిన్న లైటు పెట్టి చెవిలోకి చూశాడు. చిల్లు ఉంది, చీమూ ఉంది. చుక్కల మందు రాసిచ్చాడు. కనీసం ఆరు వారాలు నీళ్లలో దిగకూడదన్నాడు. ఎల్లుండే చివరి మ్యాచ్.

అమ్మాయి ఎర్ర టోపీ విప్పి కోచ్ చేతిలో పెట్టింది. అప్పుడు చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ పిన్నిని. ఆ చూపుకి ఆవిడ తల దించుకుంది.

బస్సులో అమ్మాయి రెండు సీట్ల ముందు కూర్చుంది. వీధి మలుపు నుంచి ఇంటిదాకా పది అడుగుల ముందు నడిచింది. తలుపు తీసి లోపలికి వెళ్లాక, నాలుగేళ్లలో మొదటిసారి, బ్యాగు నేలకేసి కొట్టింది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఆవిడ నిశ్చేష్టురాలైంది. కోపానికి కాదు, ఆ 'నిన్ను'కి. పన్నెండేళ్ల వయసు నుంచీ ఈ పిల్ల నోట మీరు, అండీ తప్ప ఇంకో మాట రాలేదు.

"చెప్పకపోతే చెవి పోయేది," అంది మెల్లగా.

"పోతే పోయేది! నా చెవి! రెండు రోజులు ఆగలేవా? రెండే రెండు రోజులు! అందరి ముందూ నన్ను పైకి లాగించావు. దొంగని పట్టుకున్నట్టు! నాతో ఒక్క మాట అనకుండా వెళ్లి చెప్పేశావు!"

"నిన్న అడిగాను కదా. చెవి నొప్పా అంటే లేదండీ అన్నావు."

"రెండోసారి అడగాలి!" అమ్మాయి గొంతు చీలిపోయింది. "ఎవరైనా మొదటిసారి లేదనే అంటారు. అమ్మయితే రెండోసారి అడిగేది. మూడోసారి అడిగేది. విసిగించి, తిట్టి, చెవి పట్టుకుని చూసేది. నువ్వు ఎప్పుడూ ఒక్కసారే అడుగుతావు. అడగడం అయిపోయింది, నా పని అయిపోయింది అన్నట్టు వెళ్లిపోతావు!"

పిన్ని గోడకి ఆనుకుంది. 

"అసలు చెవికి దెబ్బ ఎలా తగిలింది?" అంది. 

"అయిదో రోజు. ఆట అయిపోయాక, చెవులకి అడ్డుండే టోపీలు తీసేసి ఊరికే ఆడుతున్నారు. మొదటిసారి నన్ను కూడా రమ్మని పిలిచారు. వెళ్లాను. ఎవరో విసిరిన బంతి సూటిగా చెవి మీద తగిలింది." పిల్ల వెక్కిళ్లు ఆపుకుంటోంది. "నొప్పి అంటే మళ్లీ పిలవరేమోనని నవ్వాను."

 మెట్ల మీద ఎవరో సైకిలు దింపుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఆ హాస్టల్లో చోటు వస్తే నీకూ హాయిగా ఉండేది కదా," అంది అమ్మాయి, ఈసారి తగ్గిన గొంతుతో. "ఇద్దరం ఎందుకు ఇలా చుట్టాల్లా ఉండాలి? నేను వెళ్లిపోతే నీ దారి నువ్వు చూసుకునేదానివి. నాకు తెలుసులే."

"ఏం తెలుసు నీకు?"

"మీ అక్కతో ఫోన్లో అన్నావు. నేను విన్నాను. 'ఈ ఇంట్లో ఎందుకున్నానో నాకే తెలియట్లేదు, ఆ పిల్ల కోసం ఉన్నానంతే' అని."

ఆవిడకి ఆ రోజు గుర్తుంది. జ్వరంగా ఉండి, ఒంటరిగా మంచం మీద పడుకుని, ఆయన ఫోను పది రోజులుగా రాక, అక్కతో అన్న మాట. అనలేదని చెప్పొచ్చు. వేరే అర్థంలో అన్నానని బుకాయించవచ్చు.

"అన్నాను," అంది. "నిజంగానే అన్నాను. ఆ రోజు నాకు అలాగే అనిపించింది. ఈ ఇంట్లో చెంచా ఎక్కడ పెట్టాలో కూడా నేను రాకముందే ఎవరో నిర్ణయించేశారు. మీ నాన్న లేరు. నువ్వు అండీ అంటూ నాలుగు గజాల అవతల నిలబడతావు. ఆస్పత్రిలో రోజుకి వందమంది చేతులు పట్టుకుంటాను. ఇంటికొస్తే పట్టుకోవడానికి ఒక్క చెయ్యి లేదు. నాకు మాత్రం బాధ ఉండదా?"

 పిన్ని గొంతు పెరగడం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు.

"నీ కోసం ఉన్నాను అన్నది కూడా నిజమే. దాన్ని నువ్వు బరువు అని విన్నావు. నేను అన్నది అది కాదు. ఇంకేదీ నన్ను ఆపట్లేదు, నువ్వే ఆపుతున్నావు అని. నువ్వు రాత్రి దగ్గితే గోడవతల నేను లేచి కూర్చుంటాను. వచ్చి నీళ్లిద్దామంటే, తలుపు కొట్టొచ్చో లేదో తెలియక మంచం మీదే కూర్చుంటాను. నాలుగేళ్లు! నీకు నచ్చదేమో, నీకు ఇబ్బందేమో అనుకుంటూ... ఒక్కసారైనా నన్ను విసుక్కోరాదా? కసురుకోరాదా? పరాయిదానికి ఇచ్చినంత మర్యాద ఇస్తావేం నాకు?"

మాటలు అయిపోయాయి. ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయి, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఏం చెయ్యాలో తెలియక, చివరికి వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

మర్నాడంతా అమ్మాయి మంచం దిగలేదు. పొద్దున పిన్ని గుమ్మంలో నిలబడి, "రేపు చివరి రోజు. వెళ్దామా?" అంది.

"వద్దు."

అలవాటు ప్రకారం వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, మళ్లీ వచ్చింది.

"వెళ్దామా?"

"వద్దన్నాను కదా. నీళ్లలో దిగని గోల్ కీపర్ అక్కడెందుకు?"

మధ్యాహ్నం సూపు గిన్నె పట్టుకొచ్చి మంచం చివర కూర్చుని అడిగింది. "వెళ్దామా?" సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ ఇంకోసారి అడిగింది. అమ్మాయి దుప్పటి మొహం మీదకి లాక్కుంది.

"అబ్బా, చంపేస్తున్నావు! సరే, వెళ్దాం. ఇంక అడక్కు."

దుప్పటి కింద ఆ పిల్ల నవ్విందో ఏడ్చిందో పిన్నికి తెలియలేదు.

పదో రోజు కొలను చుట్టూ జనం నిండిపోయారు. పెద్ద కోచ్ అమ్మాయిని చూడగానే, ఎందుకొచ్చావని అడగలేదు. తన పక్కన కుర్చీ లాగి, "కూర్చో. పొట్టికి చేతులున్నాయి, ఆట కనబడదు. నీకు కనబడుతుంది. చెప్పు," అంది.

పొట్టి అంటే ఎర్ర టోపీ కొత్తగా పెట్టుకున్న పద్నాలుగేళ్ల పిల్ల. భయంతో పెదవులు నీలంగా ఉన్నాయి. మొదటి అయిదు నిమిషాల్లో మూడు గోల్స్ పోయాయి. మూడోది పడ్డాక పొట్టి వలలోంచి బంతి తీస్తూ గట్టు వైపు చూసింది. ఆ చూపులో ఏం కనబడిందో, అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"పొట్టీ, ఎడమ పోస్టు వదలకు! అటే వస్తుంది! రెండో నంబరూ, నీ వెనక ఖాళీగా ఉంది, వెనక్కి చూడు! చూడవే బాబూ!"

ఆ కేకకి పెద్ద కోచే ఉలిక్కిపడింది. ఈల కోచ్ అయితే ఎవరా అని చుట్టూ చూశాడు. అమ్మాయి గట్టు వెంట పరుగెడుతూ అరుస్తూనే ఉంది. ఒకసారి తప్పు చెప్పింది, గోల్ పడింది. "నా తప్పే, నా తప్పే, మర్చిపో!" అని అంతకంటే గట్టిగా అరిచింది. గొంతు బొంగురుపోయింది. పైన మెట్ల మీద కూర్చున్న పిన్నికి ప్రతి మాటా వినబడింది. పక్కనున్న పెద్దాయన ఒకరు, "ఆ అరిచే పిల్ల ఎవరో గానీ, ప్రాణం పెట్టేస్తోంది," అన్నాడు.

"మా అమ్మాయండీ," అంది పిన్ని. అనేశాక భయంగా చుట్టూ చూసింది. ఎవరూ కాదనలేదు.

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. పేర్లు చదివారు. పొట్టి పేరు ఉంది. అమ్మాయి పేరు లేదు. ఉండదని తెలిసినా, చివరి పేరు చదివేదాకా ఆ పిల్ల పెదవి బిగించి వింటూనే ఉంది. తర్వాత తువ్వాలు తలమీద కప్పుకుంది.

పెద్ద కోచ్ వచ్చి పక్కన నిలబడింది. "చెవి మానాక డాక్టరు కాగితంతో రా. చోటిస్తానని మాటివ్వను. మళ్లీ చూస్తానని మాటిస్తాను. ఇవాళ వినబడ్డ ఆ గొంతు కూడా తీసుకురా."

తువ్వాలు కింద తల ఊగింది. ఇంతలో పొట్టి తడితడిగా వచ్చి ఆ అమ్మాయిని వాటేసుకుంది. "అక్కా, నువ్వు అరుస్తుంటే నాకు భయం పోయింది. రా, అందరం తింటున్నాం. నువ్వు వస్తేగానీ మొదలుపెట్టరట."

గుంపు మధ్యలో కూర్చుని ఎవరి డబ్బాలోంచో తింటున్న అమ్మాయిని పిన్ని పైనుంచి చూసింది. ఆ మెట్ల మీద ఆవిడ ఇప్పుడు ఒక్కతే ఉంది. జనం వెళ్లిపోయారు. తను తెచ్చిన డబ్బా ఒళ్లో అలాగే ఉంది. ఈ పిల్ల రేపో మాపో ఆ హాస్టల్‌కి వెళ్తుంది, వెళ్లాలి కూడా. అప్పుడు ఇంట్లో ఉదయం వినిపించేది ఒక్క చప్పుడే.  అయినా కిందనుంచి వస్తున్న నవ్వులు వింటూ, వాళ్ల భోజనం అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. చెవిలో చుక్కల మందు వెయ్యాలి. వేశాక అయిదు నిమిషాలు పక్కకి తిరిగి కదలకుండా పడుకోవాలి. నిన్నటిదాకా అమ్మాయి అద్దం ముందు తనే తంటాలు పడి వేసుకుంది. సగం మెడ మీదే పోయేది. ఇవాళ సీసా తెచ్చి పిన్ని చేతిలో పెట్టి, అడక్కుండానే సోఫాలో ఆవిడ పక్కన కూర్చుని, ఒళ్లో తల పెట్టుకుంది.

పిన్ని సీసాని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టింది. మూడు చుక్కలు లెక్కపెట్టి వేసింది. అమ్మాయి కళ్లు మూసుకుంది.

"పిన్నీ."

"ఊఁ."

"నాకు అమ్మ గొంతు గుర్తులేదు." బొంగురుపోయిన గొంతుతో, చాలా నెమ్మదిగా అంది. "మొహం గుర్తుంది. ఫోటోలున్నాయి. గొంతు మాత్రం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. నాన్నకి చెబితే బాధపడతాడని చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు."

పిన్ని చెయ్యి ఆ తల మీద ఆగింది.  

"గుర్తున్నవి చెప్పు," అంది.

"ఏముంది చెప్పడానికి..."

"చెప్పవే."

అమ్మాయి మొదలుపెట్టింది. అమ్మ రోజూ తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయేదట. ఒకసారి ఫ్రిజ్‌లో దొరికాయట. రాగం తప్పుతూ కూనిరాగాలు తీసేదట, పక్కింటివాళ్లు కిటికీ మూసుకునేవాళ్లట. ఈత నేర్పడానికి తీసుకెళ్లి, తనే భయపడి గట్టు మీద కూర్చుండిపోయేదట. పిన్ని మధ్యమధ్యలో అడుగుతూ ఉంది. ఏ రంగు ఇష్టం? కోపం వస్తే ఏం చేసేది? నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మనిషి గురించి, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఒకచోట అమ్మాయి నవ్వింది. నవ్వు మధ్యలోనే కన్నీళ్లు జారి పిన్ని ఒళ్లోకి ఇంకాయి. మాటలు ఒక్కొక్కటిగా తగ్గి, ఊపిరి బరువెక్కి, పిల్ల నిద్రపోయింది.

బల్ల మీద ఫోను మోగింది. ఓడ నుంచి ఆయన. పదకొండు రోజుల తర్వాత చేస్తున్నాడు. ఆ గంట కోసం ఆవిడ రోజూ ఎదురుచూసింది. చెయ్యి చాపితే అందేంత దూరమే. కానీ చాపాలంటే కదలాలి. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

కాలు తిమ్మిరెక్కింది. కిటికీలోంచి ఎండ గోడ మీద నుంచి నేల మీదకి దిగింది. మందు లోపలికి ఇంకడానికి డాక్టరు చెప్పిన అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఆవిడ కదల్లేదు.